రెండో కంచానికి మార్కులు

బద్వేలు పక్కన మా పల్లె,
29 జనవరి 2021, శుక్రవారం.

కర్నూలు నర్సింగ్ కాలేజీలో తిండి పాఠం చెప్పే కృపమణి మేడమ్ గారికి, మీ స్టూడెంటు స్వర్ణలత అత్త లక్ష్మీదేవమ్మ రెండు చేతులూ ఎత్తి మొక్కి రాస్తాండాది.

ఈడ మేమంతా బాగుండాం. ఆరు నెల్లు మధ్యాన్నం పూట మీ మొగం ఫోన్లో చూసినదాన్ని, బాగుండారా అని కొత్తగా అడిగేదేందిలే అనుకుంటి. గాని కాగితం మీద రాసేటప్పుడు అడక్కుంటే మర్యాద గాదని మా అత్త మహాదేవమ్మ గదుముతాండాది. ఆయమ్మ నా పక్కనే మంచం మీద కూచోనుండాది. నేను ఒక్కొక్క మాట రాసి చదివి వినిపించల్ల, ఆయమ్మ ఊఁ అన్నాక ఇంకొక మాట రాయల్ల. అందుకే ఈ జాబులో కటువు మాట కనపడితే ఆయమ్మది, మెత్తగా ఉంటే నాది అనుకోండి. ఈ ముక్క మాత్రం చదివి వినిపించలేదు.

ఫోన్ చేస్తే సరిపోయేదానికి జాబెందుకు అంటారేమో, నేనూ అదే అంటి. ఫోన్లో మాట గాలికి పోతాదంట, కాగితం మీద మాటైతే నలుగురికి చూపీయొచ్చంట. మీరిచ్చే జవాబు గూడా కాగితం మీదనే ఉండల్ల, కింద కాలేజీ ముద్ర ఉండల్ల. అంత పెద్ద సంగతి ఏందంటారా, చెప్తా. బాలింత తిండికి గూడా మార్కులుండాయా లేదా అనేది మాకు తెలియల్ల. దాని మీదనే ఇప్పుడు మా ఇంట్లో తల్లీబిడ్డల బాగు ఆధారపడి ఉండాది.

ముందు మంచి మాట. పోయిన శుక్రవారం స్వర్ణకు ఆడబిడ్డ పుట్టె. బద్వేలు ఆస్పత్రిలో మామూలు కాన్పే. బిడ్డ రెండుముక్కాలు కిలో ఉండాది. ముక్కు మా కొడుకు భూపేష్ ముక్కే, గొంతు మాత్రం ఊరంతా వినపడ్తాది. అచ్చం మా అమ్మ గొంతే అని మా ఆయన నోరుజారినాడు, మా అత్త చేతిలో ఉండే విసనకర్ర ఆయన మీదికి పోయె. మా ఆయన పేరు నేను నోటితో చెప్పను గాని రాసేదానికేం, తిమ్మయ్య. భూపేష్ మంగంపేట గనుల్లో పని, వారానికొకసారి వచ్చి బిడ్డను చూసి, చూసిందే చూసి, మళ్లా పోతాడు.

స్వర్ణకు తల్లి లేదని మీకు తెలుసు. కోయిలకుంట్లలో నాయన ఒక్కడే. ఆయప్ప అంగడి చూసుకుంటాడా, బాలింతను చూసుకుంటాడా? అందుకే తొలికాన్పు పుట్టింట్లో జరగల్ల అనే మాట పక్కన పెట్టి మేమే చేసుకుంటిమి. మా అత్త దానికి మాత్రం ఒక్క మాట అడ్డం చెప్పలేదు. తల్లి లేని పిల్ల, ఈడనే ఉండనీ అన్నాది.

ఇంక వెనకటి సంగతులు మీకు సగమే తెలుసు. ఫోన్లో కనపడింది మీరు చూసినారు, ఫోను ఈ పక్క జరిగింది నేను చెప్పల్ల.

పెండ్లయిన నెలకే లాక్‌డౌన్ పడె. హాస్టల్ మూసేసినారని పిల్ల పుస్తకాల సంచితో మా ఇంటికి వచ్చె. కొత్త కోడలూ కొత్త రోగమూ ఒకేసారి ఇల్లు చేరినాయని ఊర్లో నవ్వినారు. ఎండాకాలం పోకముందే నెల తప్పె. సిస్టరమ్మ వచ్చి వేలు పొడిచి రక్తం చూసి, ఎనిమిదే ఉండాది, ఇట్లనే ఉంటే కాన్పుకు తల్లికీ ముప్పే, బిడ్డకూ ముప్పే అని చెప్పి మాత్రలిచ్చి పోయె. ఆ మాట విన్నాక నాకు ముద్ద దిగలేదు. ఈ పిల్లకు ఏమన్నా అయితే ఆ నాయనకు ఏం మొగం చూపియ్యల్ల?

తిండికి కరువున్న ఇల్లు గాదు మేడమ్ మాది. చేను ఉండాది, బర్రెలుండాయి. అయితే మా ఇంట్లో మొగోళ్లు చేన్నుంచి వచ్చేది రెండు దాటినాక. ముందు వాళ్లు తినల్ల, తర్వాత కూలోళ్లకు పెట్టల్ల, మిగిలింది మేము తినల్ల. మా అత్తకు పండ్లు పోయినాక ముందే మెత్తగా కలిపి ఇస్తాం, అది వేరే. ఇట్ల తినమని ఎవరూ చెప్పలేదు. నేను ఈ ఇంటికి వచ్చినపుడు మా అత్త ఇట్లనే తింటాండె, నేనూ ఆయమ్మ వెనక కూచుంటి, స్వర్ణ వచ్చి నా వెనక కూచునె. సంగటి మిగుల్తాది, కూర మిగలదు. కూరగిన్నెలో సంగటిముద్ద తిప్పి తుడిచి తింటే అదే రుచి అనుకుంటాండిమి.

అప్పుడు మీ క్లాసు వచ్చె. పన్నెండున్నరకు అందరూ కంచం ముందర పెట్టుకోని కూచోవల్ల, కంచంలో ఏముండాదో చూపీయల్ల, మీతో పాటే తినల్ల, దానికి దినమూ పది మార్కులు, చూపీయకుంటే సున్నా అని మీరు చెప్పినారంట. స్వర్ణ వచ్చి బిక్కమొగమేసుకోని నాతో అనె. నేనేం చెప్పల్ల? మా ఇంట్లో ఫోను పలికేది పంచలో ఒక్కచోటే, మా ఆయన కుర్చీ పక్కన స్తంభం దగ్గర. లోపలికి పోతే మీ బొమ్మ ఆగిపోతాది. అంటే ఇంటి కోడలు, వీధికి కనపడేట్టు, మొగోళ్లు కూచునే తావులో, మొగోళ్ల కంటే ముందు కంచం పెట్టుకోని తినల్ల!

మా అత్త అగ్గయిపోయె. ఇంత మర్యాద చెడిన చదువు ఎవరు కనిపెట్టినారు, ఆ మేడమ్‌కు అత్తామామా లేరా అని అడిగె. స్వర్ణ కండ్లనీళ్లు పెట్టుకోని, అవ్వా, మార్కులు రాకుంటే తప్పుతాను, మళ్లా ఏడాది రాయల్ల అన్నాది. ఆ ఒక్క మాటకు మా అత్త లెక్క వేసుకునె. మహాదేవమ్మ మనవడి పెండ్లాం పంచలో కూచోని తినె అంటే ఊర్లో ఒక దినం మాట. పరీక్ష తప్పె అంటే ఏడాది మాట. కాసేపు అట్లా ఇట్లా చూసి, తినుపో అన్నాది.

అయినా ఊరుకునే మనిషా? అంతమంది పిల్లోళ్ల కండ్లు ఒక్క కంచం మీద పడితే కడుపుతో ఉండే పిల్లకు దిష్టి తగలదా అని ఎండుమిరపకాయలూ రాళ్లుప్పూ పిడికిట్లో పట్టుకోని వచ్చె. కంచానికి తిప్పుతాదేమో అనుకుంటే మీ బొమ్మ ఉండే ఫోనుకు తిప్పె! చూసేది మీరు గదా, కండ్లు ఫోన్లో ఉండాయి గదా, అందుకని. నిప్పులు గూడా పంచలోకే తెప్పించి మిరపకాయలు వేసె. స్వర్ణ దగ్గీ దగ్గీ సచ్చె, ఫోన్లో పిల్లోళ్లంతా పడీపడీ నవ్వినారు. మీరు నవ్వలేదు. అవ్వగారికి నమస్కారం చెప్పు అన్నారు. ఆ నమస్కారం మా అత్త ఊర్లో ఎంతమందికి చెప్పుకున్నాదో!

ఇంకొకటి చెప్తే మీరే నవ్వుతారు. మీరు తినేముందు కండ్లు మూసుకోని ప్రార్థన చేసుకుంటారు గదా. అదీ పాఠమే అనుకున్నాది ఆయమ్మ. స్వర్ణ తిన్నగా ముద్ద నోట్లో పెట్టుకోబోతే వెనకనుంచి గసిరె, కండ్లు మూసుకోవే, దానికీ మార్కులుంటాయేమో అని. ఇప్పుడు మా ఇంట్లో అందరికీ అదే అలవాటయ్యె. మా ఆయన గూడా మూసుకుంటాడు, ఎవరికి మొక్కుతాడో అడగలేదు.

ఆయన సంగతీ చెప్పల్ల. మొదటి దినం అనుకోకుండా ముందే వచ్చినాడు. పంచలో కోడలు తింటాండాది. చూసి వాకిట్లోనే ఆగిపోయె. చెప్పులు చేతిలో పట్టుకోని, వచ్చే దగ్గు గూడా ఆపుకోని, గోడ నీడన నిలబడినాడు మీ క్లాసు అయ్యేదాకా. తర్వాత నన్ను పిలిచి, ఆకలికి ఆగిన మొగోళ్లకు ఆ మేడమ్ ఏమన్నా మార్కులిస్తాదా అని అడిగె. కోపంతో అడిగినాడేమో అని భయపడితి. మొగం చూస్తే నవ్వుతాండాడు.

ఒకనాడు వడ్డిస్తాంటే నా చెయ్యి మీ కండ్లబడె. నువ్వు తిన్నావా అమ్మా అని మీరడిగితే, ఆడోళ్లం కడాన తింటాం గదా మేడమ్ అంటి. తెల్లారి కొత్త రూలు వచ్చె. ఒక్కొక్క పిల్ల పక్కన ఆ ఇంటి ఆడమనిషి ఇంకొకరు కంచంతో కూచోవల్ల, సగం మార్కులు ఆ రెండో కంచానికి అని! పంచలో నేను కూచుండేది మేడమ్, సిగ్గుతో సచ్చిపోతి. కడప పిల్ల రెజీనా వాళ్లమ్మ గూడా ఫోన్లో చెరగు అడ్డం పెట్టుకోని తింటాంటే చూసి కొంచెం ధైర్యం తెచ్చుకుంటి. వేడి సంగటి నోట్లో పెట్టుకుంటే నాలుక కాలె. అన్నం కాలుతాదనే మాట మర్చిపోయి ఎన్నేండ్లయిందో. కండ్లలో నీళ్లు తిరిగితే ఊరిబిండిలో కారం ఎక్కువైందని చెప్తి.

ఇంక మా అత్త పంతం ఏందంటే ఆ ఒక్క మార్కు. శ్రావణ మాసంలో చుట్టాలొచ్చిన దినం మీరు స్వర్ణకు తొమ్మిదే ఇచ్చినారు. దాని కంచంలో పప్పు, తోటకూర, గుడ్డు, నిమ్మకాయ ముక్క, అన్నీ ఉండాయి. నా కంచంలో సంగటీ మజ్జిగా ఉండె. కూర చుట్టాలకు ఎత్తిపెట్టింటి. రెండో కంచంలో కూర లేదని మీరు ఒకటి కోసినారు. ఆ మాపు మా అత్త ఇల్లంతా తిరిగి గొణిగె, ఆ మార్కు యాడ పోయె, ఎవరి మూలాన పోయె అని. తెల్లారినుంచి వడ్డన ఆయమ్మదే. మోకాళ్లు నొస్తాయని పని ముట్టని మనిషి, పన్నెండైతే గోడ పట్టుకోని వంటింట్లోకి వచ్చేది. ఆ తర్వాత ఒక్క మార్కూ పోలేదు. అయినా ఆ ఒక్కటీ తిరిగి ఇయ్యమని గట్టిగా రాయమంటాండాది. రాసినా.

మాత్రలూ, మీ కంచమూ కలిసి పనిచేసినాయి. టీ తాగి మాత్ర మింగొద్దని మీరు చెప్పిన దినంనుంచి మా ఇంట్లో మధ్యాన్నం టీ లేదు. కాన్పుకు ముందు రక్తం చూస్తే పదకొండుకు దగ్గరగా ఉండాది. డాక్టరమ్మ మెచ్చుకున్నాది.

ఇంక ఇప్పటి కష్టం. మీ క్లాసులు డిసెంబరుతో అయిపోయె. మార్కులూ అయిపోయె. కాన్పయి ఇంటికి వస్తానే మా అత్త పథ్యం పెట్టె. ఆయమ్మ ఈ ఊర్లో బాలింతలకంతా పథ్యం చెప్పే పెద్దమనిషి. పాతబియ్యం అన్నం, వెల్లుల్లికారం, అంతే. కూరాకు తింటే బిడ్డకు కడుపు పోతాది, పెరుగు తింటే బిడ్డకు జలుబు చేస్తాది, నీళ్లు తాగితే తల్లికి పొట్ట ఉబ్బుతాది. చిన్న గ్లాసుతో కొలిచి నీళ్లిస్తాండాది. కాన్పులో రక్తం కొంచెం ఎక్కువే పోయింది, బాగా తినల్ల, బాగా తాగల్ల అని డాక్టరమ్మ చెప్పె. ఈడ పిల్ల నాలుక ఎండుకపోయి నా పక్క చూస్తాది. పాలు చాలక బిడ్డ ఏడుస్తాది. నేను ఒక మాట అంటే పక్కింటి కృష్ణవేణమ్మ అందుకుంటాది, ఆయమ్మ దినమూ పథ్యం చూసేదానికే వస్తాది, మహాదేవమ్మ ఇంట్లోనే పథ్యం తప్పితే ఇంక ఊరికి ఎవరు చెప్పల్ల అంటాది. మా అత్త ఊఁ కొడ్తాది.

నిన్న బిడ్డ ఆపకుండా ఏడ్సె. మా అత్త అప్పుడే ఈ మాట తీసె. కడుపుతో ఉన్నప్పుడు మార్కులిచ్చిన మేడమ్ బాలింతకు ఇయ్యదా, రాసి అడుగు అన్నాది. ఇస్తానని కాగితం మీద రాస్తే నేను గమ్మునుంటా, రాయకుంటే నా పథ్యం నాదే అన్నాది. కాబట్టి మేడమ్, బాలింత ఏమేం తినల్ల, ఎన్ని నీళ్లు తాగల్ల, దేనికి ఎన్ని మార్కులు, అంతా విప్పి రాయండి. దబ్బున రాయండి. పిల్ల మొగం చూడలేకుండా ఉండా.

మీ ఇంట్లో పెద్దోళ్లకు నా నమస్కారాలు, పిల్లోళ్లకు దీవెనలు. బిడ్డను చూసేదానికి మీరు ఒకసారి రావల్ల. సంగటి వేడిగానే పెడతా.

మీ మంచి కోరే,
లక్ష్మీదేవమ్మ.

తా.క.: అత్త కునుకు తీస్తాండాది. ఇది ఆయమ్మ వినని మాట.

మార్కులు లేవని నాకు తెలుసు మేడమ్. కాన్పు గదిలో నొప్పులు పడ్తా, యాడ సచ్చిపోతానో అని భయపడి స్వర్ణ నా చెయ్యి పట్టుకోని చెప్పేసె. అత్తా, కంచానికి మార్కులు లేనే లేవు, మేడమ్ మన కోసం అల్లింది, మార్కుల పట్టీ వచ్చినాక నాకు తెలిసె, నీకు చెప్పకుండా దాచితి, నన్ను మన్నించు అని ఒకటే ఏడుపు. ఆ నొప్పుల్లో ఇది పాపపరిహారం! నాకు నవ్వు ఆగలేదు. కాన్పు గదిలో నవ్వేది ఎవరు అని సిస్టరమ్మ నన్ను బయటికి పంపె. ఇంటికి పోయినాక ఈ మాట ఎత్తితే చూడు అని స్వర్ణకు చెప్తి.

మీరు ఆడిన అబద్ధానికి నేను ఎన్ని దండాలు పెట్టినా తక్కువే. నా కోడలు బతికి బయటపడె. నా సంగతీ చెప్పల్ల. పెండ్లయినాక మా అత్త నాకు వడ్డించింది ఆ శ్రావణంలోనే తొలిసారి. మార్కుల కోసమే వడ్డించె, నా మీద ప్రేమతో గాదు, నాకు తెలుసు. అయినా ఆయమ్మ తన చేత్తో నా కంచంలో కూర వేస్తాంటే, ఇంకొంచెం అని అడగాలనిపించేది. నాకు సిగ్గు లేదనుకోండి.

అందుకే అడుగుతాండా. ఇంకొక్కసారి అబద్ధం రాయండి. ఆయమ్మ మార్కులకు తప్ప ఇంక దేనికీ వంగదు. ముద్ర మర్చిపోవద్దు.

*

కర్నూలు,
3 ఫిబ్రవరి 2021, బుధవారం.

గౌరవనీయులైన లక్ష్మీదేవమ్మ గారికి, పెద్దమ్మ మహాదేవమ్మ గారికి, పోషకాహారం పాఠం చెప్పే కృపమణి వందనాలు. కొత్తగా వచ్చిన బిడ్డకు ముద్దులు. దేవుడు ఆ బిడ్డను చల్లగా కాపాడు గాక.

మీ ఉత్తరం చేరింది. మీరు అడిగినట్టే కాగితం మీద, ముద్రతో జవాబు రాస్తున్నాను. పెద్దమ్మగారికి పూర్తిగా చదివి వినిపించగలరు.

బాలింత తిండికి మార్కులు ఉన్నాయి. కడుపుతో ఉన్నప్పటికంటే ఎక్కువే ఉన్నాయి, ఎందుకంటే ఇప్పుడు ఒక కంచం ఇద్దరికి సరిపోవాలి. బాలింత మూడు పూటలా తినాలి, మధ్యలో ఆకలైనా తినాలి. పప్పు, గుడ్డు, పాలు, పెరుగు, రాగిసంగటి, బాగా ఉడికిన ఆకుకూర, ఏదైనా పండు, అన్నీ పెట్టవచ్చు. తల్లి ఆకుకూర తింటే బిడ్డకు కడుపు పోదు, పెరుగు తింటే జలుబు చేయదు. నీళ్లు కొలిచి ఇవ్వకూడదు. పక్కన చెంబు నిండుగా ఉండాలి, బిడ్డకు పాలిచ్చినప్పుడల్లా తాగాలి. చిన్న గ్లాసు కనిపిస్తే ఆ రోజు సున్నా. వెల్లుల్లి మంచిదే, పెట్టండి, దానికి మార్కులు కోయను. ఇనుము మాత్రలు ఆపకూడదు. జ్వరం వచ్చినా, రక్తం ఎక్కువ పోయినా పథ్యం గురించి ఆలోచిస్తూ కూర్చోకుండా వెంటనే ఆస్పత్రికి తీసుకుపోవాలి.

సగం మార్కులు ఎప్పటిలాగే రెండో కంచానివి. బాలింతకు చాకిరీ చేసే మనిషి కూడా వేళకు తినాలి. వడ్డించే బాధ్యత పెద్దమ్మగారిదే. ఆమె ఊరికి పథ్యం చెప్పే పెద్దమనిషి కాబట్టి ఈ కొత్త పథ్యం కూడా ఆమె నోటి మీదుగానే ఊరికి తెలియాలని మా కోరిక. కృష్ణవేణమ్మ గారికి ఈ కాగితం చూపించవచ్చు.

శ్రావణంలో కోసిన ఒక్క మార్కు మరుసటి రోజే తిరిగి ఇచ్చేశాను. బాకీ లేదు.

ప్రార్థనలో మిమ్మల్నందరినీ తలుచుకుంటూ,
మీ కృపమణి.

తా.క.: అక్కా, ఇది వేరే కాగితం మీద రాస్తున్నాను, మీరొక్కరే చదవండి.

ముద్ర మా లైబ్రరీది. గుండ్రంగా ఉంది, చాలు.

మీరు నా అబద్ధాన్ని మెచ్చుకున్నారు. నిజం ఒకటి మీకు బాకీ ఉన్నాను. చెప్పొద్దని మీ అత్తగారు నా దగ్గర మాట తీసుకున్నారు, కానీ మీ ఉత్తరంలో ఒక్క వాక్యం చదివాక దాచలేకపోయాను. మీ అత్తగారు ప్రేమతో వడ్డించలేదు, మార్కుల కోసమే వడ్డించిందని రాశారే, ఆ వాక్యం.

ఆ తొమ్మిది మార్కుల రోజు క్లాసు అయ్యాక మీరూ స్వర్ణా కంచాలు తీసుకుని లోపలికి వెళ్లారు. ఫోను ఆపడం మరిచిపోయారు. పిల్లలంతా వెళ్లిపోయారు, నేను కూడా ఆపబోతుంటే మీ అత్తగారు వచ్చి ఫోను ఎదురుగా కూర్చున్నారు. ఆ ఒక్క మార్కు కోసం నాతో పెద్ద గొడవ పెట్టుకున్నారు. కడుపుతో ఉన్న పిల్ల కష్టపడి తింటే ఎట్లా కోస్తావు, నీకు చెయ్యెట్లా వచ్చింది అని కండ్లనీళ్లు పెట్టుకున్నారు. అంత పెద్దావిడ ఏడుస్తుంటే నేను తట్టుకోలేకపోయాను. నిజం చెప్పేశాను. మార్కులు లేవు పెద్దమ్మా, మీ ఇంటి ఆడవాళ్లు వేళకు తింటారని నేనే పెట్టాను, తప్పైతే క్షమించండి అన్నాను.

ఆమె కండ్లు తుడుచుకుని ఫోను దగ్గరికి జరిగారు. అప్పుడు గొంతు తగ్గించి అడిగారు, కూర లేదని ఎవరి కంచం చూసి కోసినావు అని. మీ కోడలి కంచం అన్నాను. ఆమె అన్న మాటలు అన్నవి అన్నట్టే రాస్తున్నాను. నువ్వు యాడనో కర్నూలులో ఉండావు, అంత చిన్న ఫోన్లోనుంచి నా కోడలి కంచంలో కూర లేదని నీకు కనపడె. నేను ఒకే ఇంట్లో ఉండి ఇన్నేండ్లు చూడలేదే అన్నారు. అది భూపేష్‌ను కని పడుకోనుంటే గుక్కెడు నీళ్లడిగె, ఇయ్యకపోతి, ఆ గొంతు నాకు ఇప్పటికీ వినపడ్తాది అన్నారు. మరి ఇప్పుడు మీరే తినమని చెప్పొచ్చు కదా పెద్దమ్మా అంటే తల అడ్డంగా ఊపారు. ఊరికంతా పథ్యం చెప్పిన నోరు, తప్పని చెప్పేదానికి రాదు, నువ్వు మార్కులుండాయనే చెప్పు, నేను నమ్మినట్టే ఉంటా అన్నారు.

అక్కా, బాలింతకు మార్కులున్నాయా అని రాయించింది ఎవరో మళ్లీ ఒకసారి ఆలోచించండి. ఈ కాగితం అడిగింది ఆమె, కృష్ణవేణమ్మకు చూపించడానికి.

మీరు ఇది చదివినట్టు ఆమెకు తెలియనీయకండి. ఆమెకు ఆ మాత్రం మర్యాద మిగలనిద్దాం. కానీ రేపు మధ్యాహ్నం ఆమె కూర వడ్డించేటప్పుడు, ఇంకొంచెం వెయ్యి అత్తా అని అడగండి.